ఏడో వార్డు: తాజుద్దీన్ సైకిల్ షాపు వరకు

బూర్గుపేట మునిసిపాలిటీలో ఏడో వార్డుకు పడమర హద్దు పాత బస్టాండు, ఉత్తరాన రామన్నపేట రోడ్డు, దక్షిణాన వాగు. తూర్పు హద్దు తాజుద్దీన్. కాగితం మీద ఇంకాస్త మర్యాదగా "తాజుద్దీన్ సైకిల్ కిరాయి షాపు వరకు, అచ్చటి నుండి తిన్నగా వాగు వరకు" అని రాసి ఉంటుంది. ఆ షాపు ఒక చెక్క డబ్బా అనీ, దాని కింద నాలుగు ఇనుప చక్రాలున్నాయనీ కాగితంలో ఎక్కడా లేదు. రాసినవాడికి ఆ సంగతి తెలియక కాదు, ఆ చక్రాల పక్కనే కూర్చుని రాశాడు.

రాసినవాడు గాలయ్య, మునిసిపల్ ఆఫీసులో కొలతల గుమాస్తా. ఎనభై ఒకటిలో ఎన్నికలు వస్తున్నాయి, పట్టణాన్ని వార్డులుగా కోసి తెమ్మని పైనుంచి హుకుం వస్తే, కొలత గొలుసు భుజాన వేసుకుని సైకిలెక్కి బయల్దేరాడు. బూర్గుపేటలో అప్పటికి ఏ వీధికీ పేరు లేదు. ఎవరిని తోవ అడిగినా ఫలానా వాళ్ల ఇల్లు దాటినాక ఫలానా వాళ్ల దుకాణం అని చెప్తారు, అడిగినవాళ్లు చక్కగా చేరుకుంటారు. గాలయ్య కూడా జనం చెప్పుకునే తీరులోనే రాసుకుంటూ పోయాడు. మూడో వార్డుకు చింతచెట్టు, ఐదో వార్డుకు చేదబావి, ఆరో వార్డుకు ఇస్రాయేలు సారు బడి. ఏడో వార్డుకు వచ్చేసరికి ముందు టైరులో తుమ్మముల్లు దిగింది. తాజుద్దీన్ ట్యూబు విప్పి నీళ్ల తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో వెతుకుతుంటే, గాలయ్య బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ అటు చూసి, ఇటు చూసి, ఎండలో ఇంకో వంద గజాలు నడిచే ఓపిక లేక, తలెత్తితే కనబడిన బోర్డునే హద్దుగా రాసేశాడు. ఒక్క తుమ్మముల్లు రెండు వేల ఓట్లను రెండు ముక్కలు చేసిన ఘనత మా వైపు ఇంకే ఊరికీ లేదు.

తన పేరు సర్కారు పుస్తకంలోకి ఎక్కిందని తాజుద్దీన్ ఆ సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాడు. బొంత కుడుతున్న భార్య అజీజా బేగం సూది ఆపకుండానే అడిగింది.

"గంత పెద్ద పుస్తకంల ఎక్కినవ్ గదా, మరి రేషన్ కార్డుల మన బిడ్డ జాహేదా పేరెందుకు ఎక్కలే? ముందుగాల గది ఎక్కియ్యి."

ఆ ఎన్నికల్లో ఏడో వార్డుకు బాలస్వామి పదకొండు ఓట్లతో గెలిచాడు. అవతలి ఎనిమిదో వార్డుకు గుర్వయ్య గెలిచాడు. ఇద్దరూ ప్రచారానికి తాజుద్దీన్ సైకిళ్లే కిరాయికి తీసుకున్నారు కాబట్టి హద్దుకు ఇద్దరి మీదా సమానమైన ప్రేమే ఉండేది.

మూడేళ్ల తర్వాత రోడ్డు పక్కన ఒక సినిమా టాకీసు లేచింది. దాని గోడ పొద్దంతా నీడ ఇచ్చేది, ఆట వదిలితే సైకిళ్లకు గిరాకీ కూడా వచ్చేది. తాజుద్దీన్ డబ్బాను అరవై గజాలు తూర్పుకు తోసుకుని ఆ గోడ పక్కన నిలిపాడు. చక్రాలు పెట్టించుకున్నదే అందుకు. అందులో తప్పు వెతికే మనిషి ఊళ్లో ఒక్కడు కూడా లేడు, ఎందుకంటే అప్పుడు ఎన్నికలు లేవు.

ఎనభై ఏడులో వచ్చాయి. ఓటరు చీటీలు పంచుతుంటే గుర్వయ్య గుండె జారిపోయింది. అతని ఇల్లు, అతని అన్నదమ్ముల ఇళ్లు, వాళ్ల బావమరుదుల ఇళ్లు, మొత్తం నలభై గడపలకు ఏడో వార్డు చీటీలు వచ్చాయి. షాపు వరకు ఏడో వార్డు, షాపు జరిగింది, వార్డూ జరిగింది. ఎనిమిదో వార్డుకు పోటీ చేస్తున్న పెద్దమనిషి తన ఓటు తాను వేసుకునే వీలు లేకుండా పోయింది. పరుగున వచ్చి డబ్బా ముందు నిలబడ్డాడు.

"తాజుద్దీనూ, నీకు నేనేం అన్యాయం జేసిన్రా? ఏడో వార్డును తెచ్చి నా ఇంటి మీద కూసోబెట్టినవ్!"

"నేను నీడకు జరిగిన గుర్వయ్యన్నా," అన్నాడు తాజుద్దీన్ బిక్కమొహం వేసి. "వార్డు నా ఎన్కనే వస్తదని నాకేం ఎరుక?"

గుర్వయ్య పోయి పన్నెండు మందిని వెంటబెట్టుకొచ్చి డబ్బాను అరవై గజాలు వెనక్కి తోయించాడు. ఆ వార్త విని బాలస్వామి పదిహేను మందిని తెచ్చి మళ్లీ టాకీసు గోడకు తోయించాడు. ఇట్లా మూడు రోజులు జరిగింది. తాజుద్దీన్ మొదట అరిచాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత లోపల కూర్చుని పంక్చర్లు వేసుకోవడం మొదలుపెట్టాడు. టైరు ఒకచోట విప్పి ఇంకోచోట బిగించేవాడు. సైకిలు అప్పగించడానికి వచ్చినవాళ్లు షాపు కోసం రోడ్డు పొడుగునా వెతుక్కునేవాళ్లు.

అందరికంటే ఎక్కువ అవస్థ పడింది పుల్లమ్మ. ఆ ముసలామె గుడిసె సరిగ్గా ఆ అరవై గజాల నడుమ ఉంది. పొద్దున బాలస్వామి మనుషులు ఏడో వార్డు చీటీ ఇచ్చిపోయేవాళ్లు. మధ్యాహ్నం గుర్వయ్య మనుషులు దాన్ని గుంజుకుని ఎనిమిదో వార్డు చీటీ ఇచ్చేవాళ్లు.

"పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు ఏడుల ఉన్న, గంజి వంచేటప్పటికి ఎనిమిదిల పడ్డ," అని ఆమె వాకిట్లో నిలబడి అందరినీ కలిపి తిట్టింది. "ఇల్లు కదలకపాయె, నేను కదలకపోతి. నన్ను గిట్ల తిప్పుతాండ్రేందిరా మీ నోట్ల మన్నువడ!"

మూడో రోజు కమిషనరే దిగివచ్చాడు. సాయంత్రం ఐదింటికి డబ్బా ఎక్కడుంటే అదే హద్దు అని తీర్పు చెప్పాడు. ఐదింటికి అది టాకీసు గోడ దగ్గర ఉంది. చక్రాలకు గొలుసు చుట్టించి, గొలుసును గోడ పక్కన పాతిన ఇనుప రాటకు తాళం వేయించి, తాళం మీద లక్క కరిగించి ముద్ర గుద్దించాడు. వార్డులకు కొత్త నోటిఫికేషన్ వెలువడే వరకు సదరు సైకిల్ షాపును యజమానితో సహా ఎవరైనా కదిలిస్తే శిక్షార్హులని ఒక కాగితం డబ్బా తలుపుకు అంటించారు. బాలస్వామి గెలిచాడు. గుర్వయ్య కూడా గెలిచాడు కాని, పాపం, తన ఓటు మాత్రం ఏడో వార్డుకు పోయి వేసి వచ్చాడు.

ఐదేళ్లే కదా అనుకున్నాడు తాజుద్దీన్. ఐదేళ్లలో మళ్లీ ఎన్నికలొస్తాయి, కొత్త హద్దులు గీస్తారు, తన చక్రాలు తనకు వస్తాయి. టాకీసు ఉంది, నీడ ఉంది, తనకేం ఫికర్?

రెండేళ్లు తిరక్కుండానే బస్టాండును బైపాసు మీదికి మార్చారు, అక్కడికి ఒక మైలు తూర్పుకు. సైకిల్ కిరాయి షాపుకు ప్రాణం బస్టాండే. చుట్టుపక్కల పల్లెలకు బస్సుల్లేవు. చౌటుప్పల్ బస్సు దిగినవాడు సైకిలు కిరాయికి తీసుకుని ఊరికి పోయి, పొద్దున్నే తెచ్చి అప్పగించి మళ్లీ బస్సెక్కుతాడు. ఆ జనమంతా మైలు అవతల దిగి నడిచిపోతుంటే తాజుద్దీన్ ఇక్కడ గోడకు కట్టేసి ఉన్నాడు. తర్వాత టాకీసూ మూతపడింది. చివరకు నీడనిచ్చిన ఆ గోడను కూడా కూల్చి ఇటుకలు అమ్ముకున్నారు. ఇనుప రాట మాత్రం సర్కారు ఆస్తి కనుక ఉండిపోయింది.

తాజుద్దీన్ అర్జీ పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు పోయాడు. ఇది ఎన్నికల హద్దు, ఎన్నికల సెక్షనులో అడగమన్నారు. ఎన్నికల సెక్షను గదికి తాళం ఉంది. ఎన్నికలు లేనప్పుడు సెక్షను ఎందుకుంటుందయ్యా అని బంట్రోతు నవ్వాడు. తొంభై రెండులో పాత కౌన్సిలు గడువు తీరింది కాని ఎన్నికలు పెట్టలేదు. ఎప్పుడు పెడతారంటే ఎవరికీ తెలియదు. బాలస్వామి పదవి పోయినా మాట మాత్రం ఠీవిగానే ఉండేది.

"నువ్వు నా హద్దువు తాజుద్దీనూ," అని భుజం మీద చెయ్యి వేసేవాడు. "ఉన్నకాడ్నే ఉండు. నిన్ను ఎట్ల మర్చిపోత?"

షాపు వదిలేసి సైకిళ్లు మాత్రమే తీసుకుపోదామని ఒకసారి కొత్త బస్టాండు ముందు వరుసగా నిలబెట్టాడు. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి షాపు లేకుండా రోడ్డు మీద వ్యాపారమేంటని సైకిళ్లను ట్రాక్టరులో వేసుకుపోయారు. వాటిని విడిపించుకునేసరికి రెండు సైకిళ్లు అమ్మాల్సి వచ్చింది. పన్నెండు సైకిళ్లు ఎనిమిదయ్యాయి, ఐదయ్యాయి, తొంభై నాలుగు ఆఖరుకు మూడు మిగిలాయి. ఇల్లు అజీజా బేగం కుట్టే బొంతల మీద నడిచేది. చౌటుప్పల్ మందుల కంపెనీలో వాచ్‌మన్ కొలువుంది, డబ్బాను అట్లనే పారేసి రమ్మని బావమరిది మెహమూద్ కబురు పంపాడు. తాజుద్దీన్ ఇరవై ఏళ్లుగా ఒకరి కింద పని చేయకుండా, తన చేతి పానాతో తన బువ్వ తాను సంపాదించుకున్న మనిషి. యాభై ఏళ్ల వయసులో ఇంకొకడి గేటు దగ్గర లేచి నిలబడి సలాము కొట్టాలంటే సిగ్గుగా ఉంది, ఏడుపుగా కూడా ఉంది. డబ్బా కొత్త బస్టాండుకు చేరితే బతుకుతాడు. చేరకపోతే ఆ మూడు సైకిళ్లు అమ్మి చౌటుప్పల్ బస్సెక్కడమే.

ఏటా వానాకాలం వెళ్లగానే గాలయ్య వచ్చి లక్క ముద్ర కొత్తగా వేసిపోయేవాడు. వానకు తడిసి పెచ్చులూడితే ఆఫీసులో అతన్ని అడుగుతారట. ముద్ర వేశాక తల దించుకుని బల్ల మీద కూర్చునేవాడు.

"నీ కొంప నేనే ముంచిన తాజ్ భాయ్. గా దినం పంక్చర్ గాకుంటే ఎన్కనున్న నల్లా కాడికి పోయి గది రాస్తుంటి."

"ఊకో గాలన్నా. నల్లా గుడ పీకేసిండ్రు," అనేవాడు తాజుద్దీన్, అతనికి చాయ్ చెప్పి.

తొంభై ఐదు మొదట్లో నిజంగానే ఎన్నికల మాట వినబడింది. వార్డులకు కొత్త హద్దులు రాయడానికి జిల్లా నుంచి ఒక పెద్దసారు వచ్చాడు. తాజుద్దీన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని, గొలుసు తీసే ముహూర్తం వచ్చిందని ఎదురుచూశాడు. సారు పద్ధతి తెలిసినవాడు. హద్దు అంటే స్థిరమైన కట్టడమో, చెట్టో, బావో ఉండాలని చెప్పి గాలయ్యను వెంటేసుకుని పాత కాగితం చూస్తూ పట్టణమంతా నడిచాడు. చింతచెట్టును రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. చేదబావిని పూడ్చి దాని మీద బట్టల దుకాణం లేపారు. ఇస్రాయేలు సారు బడి ఊరవతలికి మారింది. ఏడో వార్డుకు వచ్చేసరికి సారు చెమటలు కక్కుతున్నాడు. టాకీసు ఉన్న చోట సర్కారు తుమ్మలు మొలిచాయి. కనుచూపు మేరలో, ఎనిమిదేళ్ల కిందట ఉన్నచోట ఉన్నట్టుగా ఉన్నది ఒక్క తాజుద్దీన్ డబ్బా. సారు దాన్ని చూసి సంబరపడ్డాడు.

"ఇది చాలా స్థిరంగా ఉందే!"

"స్థిరంగ లేదు సార్, కట్టేసిండ్రు," అన్నాడు తాజుద్దీన్ చేతులు జోడించి. "మీ కాళ్లు మొక్కుత. ఇంకేదన్న రాయుండ్రి. ఆ కరెంటు స్తంభం రాయుండ్రి."

"స్తంభాలను నమ్మలేమయ్యా, కరెంటు వాళ్లు ఎప్పుడైనా పీకుతారు. ఈ టౌనులో ఇంత నిలకడగా ఉన్న నిర్మాణం నాకు ఇంకోటి కనబడలేదు," అని సారు అభినందనగా డబ్బా మీద తట్టి, తూర్పు హద్దు తాజుద్దీన్ సైకిల్ కిరాయి షాపు వరకు అని తన చేత్తోనే రాసుకుని జీపెక్కాడు.

తాజుద్దీన్ ఆ రోజు అన్నం ముట్టలేదు. గాలయ్య ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. చౌటుప్పల్‌లో ఆ కొలువు ఇంకా ఉందో లేదో కనుక్కోమని తాజుద్దీన్ భార్యతో అంటుంటే, ఆమె బొంత పక్కన పెట్టి గాలయ్య వైపు తిరిగింది.

"గాలన్నా, కొత్త కాగితంల షాపు వరకు అనే ఉన్నదా? షాపు ఏడున్నదో గిట్ల రాసిండ్రా?"

"షాపు ఏడున్నదో ఎందుకు రాస్తరు చెల్లే? షాపే జాగా గదా."

"మరి తలుపుకు అంటిచ్చిన పాత కాగితం ఎందాక నడుస్తది?"

గాలయ్య గడువులు గుర్తు చేసుకున్నాడు. పాత ఉత్తర్వు కొత్త నోటిఫికేషన్ వచ్చే వరకే. కొత్త నోటిఫికేషన్ సోమవారం సాయంత్రం ఆఫీసు గోడకు పడుతుంది. ఎన్నికల కోడు బుధవారం పొద్దున మొదలవుతుంది, ఆ తర్వాత హద్దును ముట్టుకుంటే జైలే. వేళ్ల మీద లెక్క పెట్టుకుంటున్నకొద్దీ అతని మొహం వెలిగింది.

"మంగళారం," అన్నాడు. "మంగళారం ఒక్క దినం నిన్ను కట్టేసే కాగితం లేదు తాజ్ భాయ్."

"కొత్త బస్టాండు కాడికి పోతే మాత్రం ఉండనిస్తరా?" అన్నాడు తాజుద్దీన్. ఆ ముందు నెలలోనే అక్కడ పెట్టుకున్న పండ్ల డబ్బాలు, పాన్ డబ్బాలు అన్నీ ఆక్రమణలని ట్రాక్టరుతో లాగేశారు.

"ముందుగాల ఈడికెళ్లి కదులు," అంది అజీజా బేగం. "ఆడికి పోయినంక ఆడి సంగతి."

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి గాలయ్య వచ్చి, గడువు తీరిన ముద్రను పద్ధతిగా పగలగొట్టి, తాళం తీసి, చేయాల్సిన పని చేసినట్టు రిజిస్టరులో రాసుకున్నాడు. చక్రాలు మట్టిలో జానెడు దిగిపోయి ఉన్నాయి. పుల్లమ్మ గడ్డపార తెచ్చింది. పాత కిరాయిదార్లు పదిమంది భుజాలు పట్టారు. ఎనిమిదేళ్ల తుప్పు ఊళ్లోవాళ్లందరి పళ్లు పులిసేలా కీచుమంది, డబ్బా రోడ్డెక్కింది.

పది గజాలు పోయిందో లేదో బియ్యం మిల్లు యజమాని అరుగు మీదికి వచ్చాడు. "అరె, మనం ఏడో వార్డుకొచ్చినం!" అన్నాడు. ఆ అరుపు డబ్బా కంటే ముందుకు పరుగెత్తింది. మసీదు గల్లీ వచ్చింది, అది ఏడో వార్డైంది. చర్చి వీధి వచ్చింది, ప్రార్థన మధ్యలో ఉండగా అదీ ఏడో వార్డైంది. పశువుల దవాఖానలో సూది కోసం నిలబడ్డ గేదెలు ఎనిమిదో వార్డులో వచ్చి ఏడో వార్డులో సూది వేయించుకుని పోయాయి. జనం గడపల్లో నిలబడి, డబ్బా తమ ఇంటిని దాటిందో లేదో తల వంచి చూసుకుంటున్నారు. తాజుద్దీన్ ఎవరి వైపూ చూడలేదు. ఎవరైనా ఆపేలోపే చేరాలని పళ్లు బిగించి తోస్తున్నాడు.

బాలస్వామి మొదట సంతోషంతో ఎదురొచ్చాడు. హద్దు జరిగినకొద్దీ కొత్త ఓటర్లు వచ్చిపడుతున్నారని, డబ్బా పక్కనే నడుస్తూ ఇరువైపులా దండాలు పెడుతూ పోయాడు. మసీదు దాటేసరికి చేతులు నొప్పి పుట్టాయి. చర్చి దాటేసరికి ఇంతమందికి నీళ్ల ట్యాంకర్లు ఎక్కడి నుంచి పంపాలన్న ఆలోచన వచ్చి చెమట పట్టింది. గుర్వయ్య అడ్డంగా పడుకుంటానని బెదిరిస్తూ ముందు ముందు పరుగెత్తాడు. పడుకోవడానికి ఎక్కడ చోటు చూసుకున్నా డబ్బా దగ్గరకొచ్చేసరికి అది ఎనిమిదో వార్డు అంచు అవుతోంది, ఇంకాస్త ముందుకు పోయి చూసుకోవాల్సి వస్తోంది.

మధ్యాహ్నం మూడింటికి డబ్బా కొత్త బస్టాండు గేటు పక్కన ఆగింది. అవతల ఎనిమిదో వార్డులో మిగిలింది ఒక్క పత్తి మిల్లు. అందులో ఉండేది కావలి మనిషి సోమన్న, అతని భార్య సాలమ్మ, అతని తల్లి. వెయ్యి ఓట్ల ఎనిమిదో వార్డులో ఇక మూడు ఓట్లు. గుర్వయ్య ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. మూడు ఓట్లలో రెండు వస్తే చాలునని అతనికి అప్పుడే తట్టింది. మిల్లు గేటు దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

"మాకు బోరింగు గావాలె," అన్నాడు సోమన్న, ఆ దండానికి కరగకుండా. "గేటు లోపట. ఏసినంకనే మాట్లాడుదాం."

కమిషనర్ జీపు, ఆ వెనక డబ్బాలను లాగేసే ట్రాక్టరు వచ్చాయి. అప్పుడున్న కమిషనర్ కొత్తవాడు, పని చురుగ్గా చేసేవాడు. దిగుతూనే తాజుద్దీన్ వైపు వేలు చూపించాడు.

"ఎవరయ్యా నీకిక్కడ పెట్టమన్నది? ఇది ఆక్రమణ. లాగేయండి!"

ట్రాక్టరు మనిషి డబ్బాకు తాడు కట్టాడు. తాజుద్దీన్ రోడ్డు అంచున కూర్చుండిపోయాడు. ఎనిమిదేళ్లు ఓర్చుకున్నది ఈ తాడు కోసమా అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. అజీజా బేగం మాత్రం కదలకుండా నిలబడి గాలయ్య వైపు చూసింది. గాలయ్య నోటిఫికేషన్ కాగితం పట్టుకుని ముందుకొచ్చాడు.

"సార్, లాగుతే ఏడో వార్డును గుడ లాగుతం సార్."

కమిషనర్ అర్థం కానట్టు చూశాడు. గాలయ్య నోటిఫికేషన్ చదివి వినిపించాడు. కమిషనర్ దాన్ని లాక్కుని తానే రెండుసార్లు చదివాడు. డబ్బా వైపు చూశాడు, పత్తి మిల్లు వైపు చూశాడు.

"అయితే పాత చోటికే తోసేయండి."

"అది ఈడున్నట్టు నలుగురు చూసిండ్రు సార్," అన్నాడు గుర్వయ్య దూసుకొచ్చి. "ఇంక ఒక్క గజం కదిలినా నేను హైకోర్టుకు పోత. నా వార్డు గింతే. నాకు గింతే మస్తు!"

"వెన్కకు తోయకుంటే నేను పోత హైకోర్టుకు!" అన్నాడు బాలస్వామి, రెండు చేతులూ చంకల్లో దాచుకుని. "గింతమంది ఓటర్లను నేనేం జేసుకోవాలె సార్? సగం మంది పేర్లే ఎరుక లేవు."

ఇద్దరి వెనకా ఉన్న మనుషులు డబ్బాకు చెరోవైపు చేరారు. ఒకవైపు తాడు బిగిసింది, ఇంకోవైపు భుజాలు ఆనాయి. బస్టాండులో ఉన్న జనమంతా బస్సులు వదిలేసి చుట్టూ మూగారు. తెల్లారితే కోడు. డబ్బా తోస్తే గుర్వయ్య కేసు, తోయకుంటే బాలస్వామి కేసు. ముట్టుకోకుంటే మాత్రం హద్దు జరిపింది తాను కాదు. కమిషనర్ తాజుద్దీన్ బల్ల మీదే కూర్చుని తల పట్టుకున్నాడు. కాసేపటికి లేచి, ఊరంతా వినబడేలా అరిచాడు.

"ఎవరూ ముట్టుకోవద్దు! తాడు విప్పండి! ఈ డబ్బా ఇక్కడే, ఈ గేటు పక్కనే ఉంటుంది. మళ్లీ వార్డులు మారేదాకా ఇక్కడి నుంచి అంగుళం జరగడానికి వీల్లేదు." ఆ తర్వాత తాజుద్దీన్ మీదికి వంగి వేలు ఆడించాడు. "ముఖ్యంగా నువ్వు! నీ షాపు తీసుకుని ఎక్కడికైనా పోయావో, జైల్లో పెట్టిస్తా. అర్థమైందా?"

తాజుద్దీన్‌కు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. బస్టాండు గేటు వైపు చూశాడు. చౌటుప్పల్ బస్సు అప్పుడే వచ్చి ఆగింది, దిగుతున్నవాళ్లు పల్లెలకు పోయే దారి వైపు సంచులు సర్దుకుంటున్నారు. భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే సైకిళ్లు మూడూ కిందికి దింపి సీట్లు తుడుస్తోంది. అతనికి ఒంట్లో ఎక్కడెక్కడి ప్రాణమో లేచి వచ్చింది. లేచి నిలబడి, కళ్లు తుడుచుకుని, కమిషనర్ ముందు రెండు చేతులూ జోడించాడు.

"గా మాట జర కాగితం మీద రాసియ్యుండ్రి సార్."

కమిషనర్ జేబులోంచి కలం తీశాడు.